ది నేషనల్ ఆల్బమ్ వినే పద్ధతి: డ్రమ్స్ ముందు, మాటలు చివర

అమెరికన్ ఇండీ రాక్‌లో, అంటే పెద్ద రికార్డు కంపెనీలకు బయట ఎదిగిన రాక్ సంగీతంలో, దిగులు పాటలకు పెట్టింది పేరు ‘ది నేషనల్’. ఈ బృందం పాటలు మొదటిసారి విన్నవాళ్లలో చాలామంది చెప్పేది ఒకే మాట: ‘‘అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆయన గొణుగుతున్నాడు, వెనక ఏదో మోగుతోంది.’’ ఆ ఫిర్యాదును నేను తీసిపారేయను. పైపైన వింటే నిజంగా అలాగే ఉంటుంది. పల్లవి దగ్గర ఒక్కసారిగా ఎగసిపడే బాణీ ఉండదు. నోటికి పట్టే వరుస త్వరగా దొరకదు. పాడే గొంతు మంద్రం దాటి పైకి రావడమే అరుదు. సినిమా పాటతో పెరిగిన మన చెవికి మొదటి అరనిమిషంలో ఏదో ఒకటి దక్కాలి. ఇక్కడ దక్కదు. ఇది కుండపోత వాన కాదు, ముసురు. తడిసిన సంగతి కాసేపయ్యాక గానీ తెలియదు.

అయితే దీన్ని వినడానికి ఒక క్రమం ఉంది. అది నేను కల్పించింది కాదు, ఆ పాటలు పుట్టే తీరులోనే ఉంది. ముందుగా వాద్యకారులు సంగీతపు ముక్కలు తయారుచేసి గాయకుడు మ్యాట్ బెర్నింగర్‌కు పంపుతారు. ఆయన వాటిని పెట్టుకుని, మాటలు లేకుండానే గొణుగుతూ వరుస కట్టుకుంటాడు. మాటలు ఆఖరున వస్తాయి. మనమేమో మొదటే ఫోనులో సాహిత్యం తెరిచిపెట్టుకుని, ‘ఈ లైనుకు అర్థం ఏమిటి’ అని వెతుకుతూ వినబోతాం. అంటే పాటలోకి వెనక గుమ్మం నుంచి వెళ్తున్నామన్నమాట. పాట తయారైన క్రమంలోనే వినండి: ముందు లయ, తర్వాత వాద్యాలు, ఆ తర్వాత గొంతు, చివర మాటలు. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి.

బృందం గురించి ముందుగా తెలియాల్సింది కొంచెమే. అయిదుగురూ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి ప్రాంతం వాళ్లు. 1999లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జట్టు కట్టారు. బెర్నింగర్ పాడతాడు. ఆరన్ డెస్నర్, బ్రైస్ డెస్నర్ కవలలు, గిటార్లు, పియానో వాళ్లవి. స్కాట్ డెవెన్‌డార్ఫ్ బేస్ గిటారు, అతని సోదరుడు బ్రయన్ డెవెన్‌డార్ఫ్ డ్రమ్స్ వాయిస్తారు. ఇద్దరు అన్నదమ్ముల జంటలు, మధ్యలో ఒక గాయకుడు. చివరగా చెప్పిన బ్రయన్ పేరు గుర్తుంచుకోండి. ఈ పద్ధతికంతటికీ ఆయనే కీలకం.

1. ఒక ఆల్బమ్ తీసుకోండి, ప్లేలిస్టు వద్దు

‘ఈ బృందం మేటి పాటలు’ అన్న ప్లేలిస్టుతో మొదలుపెట్టకండి. 2005 నాటి పాట పక్కన 2019 నాటి పాట వస్తే దేని వాతావరణమూ మనసులో కుదురుకోదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఫస్ట్ టూ పేజెస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ తీసుకోండి. 11 పాటలు, ముప్పావు గంటకు కాస్త ఎక్కువ. దాని జోడు ‘లాఫ్ ట్రాక్’ అదే ఏడాది సెప్టెంబరు 18న, పెద్దగా ముందస్తు ప్రచారం లేకుండా వచ్చింది. 12 పాటలు, సుమారు గంట. దాన్ని ఇప్పుడే తెరవకండి. దానికి వేరే మెట్టు ఉంది.

ఈ ఆల్బమ్ వెనక ఒక కథ ఉంది. దాన్ని తెలుసుకునే వినడం మేలని నా అభిప్రాయం. కరోనా కాలం తర్వాత బెర్నింగర్ తీవ్రమైన కుంగుబాటులో పడ్డాడు. రాయడం రాలేదు, పాడడం రాలేదు. అది నెలల తరబడి సాగింది. బృందం ఇక ముగిసిపోతుందేమోనన్న భయం కూడా వాళ్లకు కలిగింది. ఆ రోజుల్లో ఆయన అల్మరాలోంచి మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసి మొదటి పేజీలు చదివాడు. ఆ నవల భూతంతో మొదలుకాదు. ఉత్తర ధ్రువం వైపు ఓడ ప్రయాణానికి సిద్ధమవుతున్న ఒక మనిషి తన అక్కకు రాసే ఉత్తరంతో మొదలవుతుంది. ఆ రెండు పేజీలు ఆయన్ను మళ్లీ రాతలోకి తెచ్చాయి. ఆల్బమ్‌కు ఆ పేరు అందుకే. మాట పెగలని మనిషి మళ్లీ మాట కూడదీసుకోవడం ఈ ఆల్బమ్ నిండా వినిపిస్తుంది. గొంతు అంత తగ్గి ఉండడానికి కారణం వెతుక్కోనవసరం లేదు.

2. చోటు, సమయం, పరికరం

ఫోను స్పీకరులో వినకండి. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. బెర్నింగర్‌ది బారిటోన్, అంటే మంద్రంలో పలికే మగగొంతు. దాని కింది స్వరాలు సుమారు 110 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. బేస్ గిటారు, పెద్ద డ్రమ్ము అంతకంటే కిందికి దిగుతాయి. అరచేతిలో ఇమిడే స్పీకరు ఆ స్థాయి ధ్వనిని సరిగా పలికించలేదు. మిగిలేది గొంతులోని గరగర, గిటారు తీగల పైశబ్దం. ‘గొణుగుడు’ అన్న ఫిర్యాదులో సగం అక్కడే పుడుతుంది. ఖరీదైనవి కొనాల్సిన పనిలేదు. ఫోనుతో వాడే మామూలు ఇయర్‌ఫోన్లు చెవిలో గట్టిగా కూర్చుంటే చాలు. వదులుగా ఉంటే కింది స్థాయి ధ్వని బయటికి పోతుంది, కాబట్టి రబ్బరు తొడుగు మీ చెవికి సరిపోయే సైజు మార్చుకోండి.

యాప్‌లో మూడు చోట్ల చేయి పెట్టాలి. షఫుల్ ఆపండి. ఒక పాట ముగియకముందే మరో పాటను కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపండి. ఆల్బమ్ అయిపోగానే ఇంకెవరి పాటో మొదలుపెట్టే ఆటోప్లే కూడా ఆపండి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. చివరి పాట తర్వాత వచ్చే నిశ్శబ్దం మీకు కావాలి. బేస్ పెంచే సెట్టింగు ఏదైనా పెట్టుకుని ఉంటే దాన్నీ తీసేయండి. మంద్రంలో పాడే గొంతు, బేస్ గిటారు ఒకదాన్నొకటి తినేస్తాయి.

సమయం మీ ఇష్టం, కానీ పొద్దుటి హడావుడి పనికిరాదు. సాయంత్రం నడకకు ఇది బాగా కలుస్తుంది. రాత్రి బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే మరీ మంచిది. వంట చేస్తూ వినకండి, పోపు చిటపటల్లో సగం పాట పోతుంది. వాల్యూమ్ ఒకసారి పెట్టాక మళ్లీ ముట్టుకోకండి. వాళ్లు నెమ్మదిగా మొదలుపెట్టి, తెలియకుండా పెంచుతూ పోతారు. మీరు మొదట్లో వినబడలేదని పెంచి, చివర్లో ఎక్కువైందని తగ్గిస్తే, వాళ్లు కట్టిన ఎత్తుపల్లాలను మీరు చదును చేసినట్టే.

3. మొదటిసారి: ఏమీ వెతకకుండా, చివరిదాకా

ఈసారి మీరు చేయాల్సింది చాలా తక్కువ. మొదటి పాట నుంచి పదకొండో పాట దాకా ఆపకుండా వినండి. సాహిత్యం తెరవకండి, పాటల పేర్లు చూడకండి. ఒక పాట నచ్చినా వెనక్కి తిప్పకండి. నచ్చకపోయినా దాటేయకండి. మొదటి పాట ‘వన్స్ అపాన్ ఎ పూల్‌సైడ్’ పియానోతో, దాదాపు ఆడకుండా నిలబడ్డట్టు ఉంటుంది. వెనక అమెరికన్ గాయకుడు సుఫియాన్ స్టీవెన్స్ గొంతు పొగలా తేలుతుంది. చాలామంది ఇక్కడే ‘ఇదేమిటి ఇంత నీరసం’ అని లేచిపోతారు. లేవకండి. రాక్ ఆల్బమ్ ఇలా మొదలుకావడం తెలిసి చేసిన పనే.

అంతా అయ్యాక ఒక్కటి చేయండి. ఆల్బమ్‌లో ఎక్కడెక్కడ మీ శ్వాస మారిందో గుర్తుచేసుకుని కాగితం మీద రాయండి. పేరు తెలియదు కాబట్టి ‘మధ్యలో ఒక ఆడగొంతు జవాబు చెప్పిన చోట’, ‘డ్రమ్స్ ఉన్నట్టుండి పరుగెత్తిన చోట’ అని రాస్తే చాలు. రెండు గుర్తులు వచ్చినా సరిపోతుంది. ఏమీ గుర్తు రాకపోతే కంగారు పడకండి. అసలు పని తర్వాతి మెట్టులో ఉంది.

4. రెండోసారి: డ్రమ్స్ మాత్రమే

ఈ మెట్టు మీద తొందరపడకండి. నా దృష్టిలో ఈ బృందపు అసలు గాయకుడు బ్రయన్ డెవెన్‌డార్ఫ్. దిగులు పాటలంటే మందంగా సాగే తాళం ఉంటుందని అనుకుంటాం. ది నేషనల్‌లో అలా ఉండదు. గొంతు మొదటి కాలంలో నింపాదిగా నడుస్తుంటే, డ్రమ్స్ రెండో కాలంలో పరుగులు తీస్తుంటాయి. పైన ముఖం ప్రశాంతంగా ఉంటుంది, లోపల గుండె దడదడలాడుతుంటుంది. వాళ్ల పాటల్లోని దిగులు రహస్యం ఆ రెంటి మధ్య ఉన్న దూరమే. అది మాటల్లో దొరకదు. కుడిచేతి వేళ్లతో మోకాలి మీద డ్రమ్స్ చిన్న దెబ్బలను అనుసరించండి. ఎడమ పాదంతో పాడే గొంతు నడకను అనుసరించండి. రెంటినీ కలిపి పట్టుకోవడం ఎంత కష్టమో మీ ఒంటికే తెలుస్తుంది.

ఈ కసరత్తు కోసం ఒక్కసారి పాత ఆల్బమ్‌లోకి వెళ్లి రావాలి. ‘హై వయొలెట్’ (2010)లోని ‘బ్లడ్‌బజ్ ఒహాయో’ పెట్టండి. మొదటి క్షణం నుంచే డ్రమ్స్ ఎవరో తరుముతున్నట్టు మోగుతాయి. బెర్నింగర్ మాత్రం తనకేమీ తొందర లేనట్టు పాడతాడు. దాన్ని మోకాలి మీద పట్టుకోగలిగితే ఇక ఈ బృందం మీకు ‘ఒకేలా’ వినిపించదు.

ఇంకొకటి ‘బాక్సర్’ (2007)లోని ‘ఫేక్ ఎంపైర్’. కర్ణాటక సంగీతం కొంచెమైనా తెలిసినవాళ్లకు ఇది పండగే. మొదట్లో పియానో ఒక్కటే ఉంటుంది. అందులో మూడు లెక్కా నాలుగు లెక్కా ఒకేసారి నడుస్తాయి. తిశ్రం మీద చతురశ్రం అన్నమాట. ఒక చేత్తో మూడు, మరో చేత్తో నాలుగు వేస్తూ వినండి. మొదట తడబడతారు, తర్వాత ఆ ఊయల ఊపు ఎక్కడిదో తెలుస్తుంది. కొంతసేపటికి డ్రమ్స్ వచ్చి ఒక పక్షం తీసుకుంటాయి. ఆ క్షణంలో అప్పటిదాకా తేలుతున్న పాట నేల మీదికి దిగుతుంది. చివర్లో బూరలు వచ్చి చేరతాయి. 2008లో బరాక్ ఒబామా ఎన్నికల ప్రచారంలో ఈ పాటను వాడుకున్నారు. మాటల్లో ఉన్నది నిరాశే అయినా, జనం ఆ లయలో ఉత్సాహాన్ని విన్నారు. మాటల కంటే లయ ముందు చేరుతుందనడానికి ఇంతకంటే మంచి రుజువు నాకు తెలియదు.

ఇప్పుడు ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఆల్బమ్‌కు తిరిగి రండి. ఇక్కడ చాలా చోట్ల మీకు మనిషి చేతి దెబ్బ కంటే డ్రమ్ మెషిన్ మోత ఎక్కువ వినిపిస్తుంది. చిన్నగా, పొడిగా, ఒకే బలంతో పడే దెబ్బలు అవి. అయిదో పాట ‘ట్రాపిక్ మార్నింగ్ న్యూస్’లో ఆ మోతను గమనించండి. బ్రయన్ అభిమానులకు ఇది వెలితిగా తోచింది. నాకూ కొన్ని పాటల్లో అలాగే తోస్తుంది. కానీ మనసు మొద్దుబారిన మనిషి గురించిన ఆల్బమ్‌లో యంత్రపు తాళం అర్థం లేనిది కాదు. ఈ వెలితిని గుర్తుపెట్టుకోండి. దీని బాకీ ‘లాఫ్ ట్రాక్’లో తీరుతుంది.

5. మూడోసారి: వాద్యాలు ఎలా పేరుకుంటాయో

ఇది చిన్న మెట్టు. ఆరన్, బ్రైస్ ఇద్దరూ గిటారిస్టులే అయినా గిటారుతో గొప్ప విన్యాసాలు చేయడం వాళ్లకు ఇష్టం లేదు. ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తారు. ప్రతి చుట్టుకూ పక్కన ఒకటి చేరుస్తారు. ఒక చుట్టులో పియానో, ఇంకో చుట్టులో వయొలిన్లు, మరోదానిలో దూరంగా బూర. బ్రైస్ యేల్‌లో సంగీతం చదువుకుని వాద్యబృందాలకు రచనలు చేసే స్వరకర్త, సినిమాలకూ పనిచేశాడు. ఆరన్ న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ లోయలో లాంగ్ పాండ్ అనే స్టూడియో కట్టుకున్నాడు. 2020లో టేలర్ స్విఫ్ట్‌తో కలిసి ‘ఫోక్‌లోర్’లో ఎక్కువ పాటలు చేసింది ఆయనే. మీకు ఆ ఆల్బమ్ ముందే తెలిసి ఉంటే, ఆ పియానో పలుకు ఇక్కడ వెంటనే గుర్తుపడతారు.

చేయాల్సింది: ఏదో ఒక పాట తీసుకుని, మొదటి పదిహేను సెకన్లు వినండి. ఎన్ని వాద్యాలు ఉన్నాయో లెక్కపెట్టండి. నేరుగా చివరి అరనిమిషానికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టండి. తర్వాత పాట మొత్తం వింటూ, ఆ కొత్తవి ఎప్పుడెప్పుడు లోపలికి వచ్చాయో పట్టుకోండి. చాలాసార్లు పట్టుబడవు. అంత నెమ్మదిగా తెస్తారు. ఆ పనితనం మీద గౌరవం కలిగితే ఈ మెట్టు అయినట్టే.

6. నాలుగోసారి: గొంతును వాద్యంగా

ఇప్పుడు బెర్నింగర్ గొంతు. ఇంకా మాటలు వద్దు. గొంతు ఎప్పుడు ఛాతీలోంచి వస్తోందో, ఎప్పుడు పెదవుల దగ్గరే ఆగిపోతోందో వినండి. వాక్యం చివర ఆయన స్వరాన్ని నిలబెట్టడు, వదిలేస్తాడు. గమకాలకు అలవాటు పడిన చెవికి అది అసంపూర్తిగా తోస్తుంది. కాసేపు భరించండి. చెప్పబోయి ఆగిన మనిషి ఊపిరి అది.

అతిథుల గొంతులు ఈ ఆల్బమ్‌లో అలంకారానికి రాలేదు. నాలుగో పాటలోనూ పదో పాటలోనూ అమెరికన్ గాయని ఫీబీ బ్రిడ్జర్స్ వస్తుంది, కానీ ఎక్కడా ముందుకు రాదు. బెర్నింగర్ గొంతు వెనక ఒక నీడలా నిలుస్తుంది. ఏడో పాట ‘ది ఆల్కాట్’లో టేలర్ స్విఫ్ట్ మాత్రం నీడ కాదు, ఎదుటి పాత్ర. విడిపోయిన ఇద్దరు ఒక బార్లో మళ్లీ కలుస్తారు. ఆయన ఒక మాట అంటుంటే, వాక్యం పూర్తికాకముందే ఆమె జవాబు దూరుతుంది. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. తన భాగాన్ని స్విఫ్టే రాసుకుంది. ఈ పాటను రెండుసార్లు వినండి. ఒకసారి ఆయన పక్కన కూర్చున్నట్టు, ఒకసారి ఆమె పక్కన కూర్చున్నట్టు. రెండు వేర్వేరు పాటలవుతాయి. మొదటి వినికిడిలో మీరు రాసుకున్న ‘ఆడగొంతు జవాబు చెప్పిన చోట’ బహుశా ఇదే.

7. అయిదోసారి: ఇప్పుడు మాటలు

ఇక సాహిత్యం తెరవండి. ఒక జాగ్రత్త: లైను లైనుకూ తెలుగు చేసుకుంటూ పోకండి. ఈ పాటల్లో కథ చెప్పే క్రియలు తక్కువ, వస్తువులు ఎక్కువ. పెన్సిల్ తీసుకుని వస్తువుల పేర్ల కింద గీత పెట్టండి. అర్థం వాటంతట అవే చెబుతాయి.

రెండో పాట ‘యూకలిప్టస్’ మీద ఈ పని చేసి చూడండి. విడిపోతున్న ఇద్దరు ఇంట్లో సామాను పంచుకుంటున్నారు. ఎవరికి ఏది? మొక్కల సంగతేమిటి? పాటల రికార్డుల సంగతేమిటి? ఫోటోలు కడిగించకుండా ఉండిపోయిన కెమెరాల సంగతేమిటి? ఒక్కో వస్తువు పేరూ అడగడం, నువ్వే తీసుకో అనడం. ఇంతే పాట. ఏడుపు లేదు, నింద లేదు. ఆ కెమెరాల దగ్గర కాసేపు ఆగండి. లోపల రీలు ఉంది. ఇద్దరూ కలిసి ఉన్న రోజుల బొమ్మలు అందులో ఉన్నాయి, ఇంకా ఎవరూ చూడలేదు. వాటిని పంచుకోవడం ఎలా? పాతిపెట్టేద్దామేమో అన్న ఒక్క మాట తప్ప ఆ ప్రశ్నకు పాటలో జవాబు లేదు. అది అడిగాక తర్వాతి వస్తువు మీదికి పోతాడు. ‘నువ్వే తీసుకో’ అన్న మాట మొదట ఉదారంగా వినిపిస్తుంది. వాద్యాలు పెరిగేకొద్దీ అదే మాట వదిలించుకోవడంగా, ఇంకాసేపటికి బతిమాలడంగా మారుతుంది. మాట మారలేదు, కింద లయ మారింది. అందుకే డ్రమ్స్ ముందు వినమన్నాను.

మూడో పాట ‘న్యూ ఆర్డర్ టీ షర్ట్’ కూడా ఇలాంటిదే. చేతిలో పిల్లితో, గ్లాసుడు బీరుతో, ఆ టీ షర్టు వేసుకుని నిలబడ్డ మనిషి బొమ్మ ఒకటి జ్ఞాపకంలో ఉండిపోయింది. న్యూ ఆర్డర్ అంటే మాంచెస్టర్‌కు చెందిన పాత బృందం. ఆ సంగతి తెలిస్తే ఒక తరం కనిపిస్తుంది, తెలియకపోయినా నష్టం లేదు. సందర్భాల కోసం ప్రతి పేరూ వెతకడం మొదలుపెడితే పాట పరీక్ష పేపరు అయిపోతుంది. ‘ట్రాపిక్ మార్నింగ్ న్యూస్’ ఒక్కదానికి మాత్రం చిన్న వివరం ఉపయోగపడుతుంది. పొద్దున్నే ఫోనులో చెడ్డ వార్తలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ ఉండిపోయే అలవాటుకు బెర్నింగర్ భార్య కారిన్ బెసర్ పెట్టిన పేరు అది. ఆమె ‘ది న్యూయార్కర్’ పత్రికలో కథల విభాగానికి ఎడిటర్‌గా పనిచేసింది. చాలా ఏళ్లుగా ఈ పాటల మాటల్లో ఆమె చేయి ఉంది. విడిపోవడం గురించిన ఇన్ని పాటలను ఒక భార్యాభర్తలు కలిసి రాశారని తెలిసినప్పుడు నాకు వాటి మీద నమ్మకం పెరిగింది.

చివరి పాట ‘సెండ్ ఫర్ మీ’ దగ్గర సాహిత్యం మూసేసి వినండి. ఎక్కడ చిక్కుకుపోయినా కబురు పెట్టు, వచ్చి తీసుకెళ్తాను అని చెప్పే పాట. పది పాటల పాటు మాట కోసం తడుముకున్న మనిషి ఇక్కడ సూటిగా మాట్లాడతాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. దిగులు పాట దిగులును తగ్గించవచ్చు. మనలాగే ఇంకొకరికీ ఉందని తెలియడం చిన్న మేలు కాదు. కానీ నిద్ర పట్టని రాత్రుల్లో ఒకే పాటను తిప్పి తిప్పి వింటూ, పొద్దుటికి మరింత కుంగిపోతుంటే, అది వినడం కాదు. ఇయర్‌ఫోన్లు తీసేయండి, ఎవరికైనా ఫోను చేయండి. భారత ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బెర్నింగర్ కూడా ఒంటరిగా గట్టెక్కలేదు. మిగతా నలుగురు ఆయన కోసం ఆగారు.

8. జోడు ఆల్బమ్

కొన్ని రోజులు విరామం ఇచ్చి ‘లాఫ్ ట్రాక్’ తెరవండి. ఇందులోని ‘వియర్డ్ గుడ్‌బైస్’ అనే పాట 2022 ఆగస్టులోనే విడిగా వచ్చింది. చాలా పాటలు ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పని జరుగుతున్నప్పుడే మొలకెత్తాయి. తేడా ఏమిటంటే, బృందం అప్పటికి మళ్లీ రోడ్డెక్కింది, రాత్రిరాత్రీ జనం ముందు వాయిస్తోంది. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న స్టూడియోలో ఎక్కువ భాగం రికార్డు చేశారు. బ్రయన్ డ్రమ్స్‌ను కావాలనే ముందుకు తెచ్చారు.

ఇక్కడ మొదటి వినికిడిలోనే డ్రమ్స్ వినండి. మీ చెవి సిద్ధంగా ఉంది. ఏడో పాట ‘స్పేస్ ఇన్వేడర్’ దాదాపు ఏడు నిమిషాలు. మొదటి సగం మామూలు పాట. తర్వాత మాటలు వెనకబడి డ్రమ్స్ పూర్తిగా పగ్గాలు తీసుకుంటాయి. నాలుగో మెట్టులో చెప్పిన బాకీ ఇక్కడ వడ్డీతో తీరుతుంది. పదకొండో పాటలో రోజాన్ క్యాష్ గొంతు వస్తుంది. ఈ మహిళ కంట్రీ సంగీతంలో తలపండిన గాయని, జానీ క్యాష్ కూతురు. వయసు మళ్లిన ఆ గొంతు పక్కన బెర్నింగర్ ఒక్కసారిగా చిన్నవాడైపోతాడు.

పన్నెండోది ‘స్మోక్ డిటెక్టర్’. దీన్ని విడిగా కూర్చుని వినండి. 2023 వేసవిలో కెనడాలోని వాంకూవర్‌లో కచేరీకి ముందు మైకులు, స్పీకర్లు సరిచూసుకునే వేళలో పుట్టిన పాట ఇది. దాదాపు ఎనిమిది నిమిషాలు. ఒకే గిటారు స్వరగుచ్ఛం తిరుగుతూ ఉంటుంది. బెర్నింగర్ పాడడు, దాదాపు మాట్లాడతాడు. పొంతన లేని వాక్యాలు ఒకదాని మీద ఒకటి విసురుతాడు. డ్రమ్స్ ఆయన్ను ఆపవు, వదిలిపెట్టవు. ఏడాది పాటు ఒక లైను కూడా రాయలేకపోయిన మనిషి ఇప్పుడు ఆపలేకపోతున్నాడు. రెండు ఆల్బమ్‌లనూ వరుసలో విన్నవాళ్లకే ఈ పాట బరువు పూర్తిగా తెలుస్తుంది. నేరుగా దీనితో మొదలుపెట్టిన వాళ్లకు ఇదొక గజిబిజి. ఈ ఒక్క కారణం చాలు, నేను క్రమం గురించి ఇంత పట్టుబట్టడానికి.

9. మళ్లీ మళ్లీ వినడం, తర్వాత వెనక్కి వెళ్లడం

ఒకే పాటను పదేపదే వింటే అరిగిపోతుందని భయపడకండి. 2013 మే నెలలో న్యూయార్క్‌లోని మోమా పీఎస్ 1 అనే కళా ప్రదర్శనశాలలో, ఐస్‌లాండ్ కళాకారుడు రాగ్నర్ క్యార్టన్‌సన్ కోరిక మీద, ఈ బృందం ‘సారో’ అనే తమ మూడున్నర నిమిషాల పాటను ఆరు గంటల పాటు ఆపకుండా మళ్లీ మళ్లీ వాయించింది. ప్రేక్షకుల్లో చాలామంది కదలకుండా నిలబడి విన్నారు. తిప్పి వాయించడం వీళ్ల పద్ధతిలోనే ఉంది, కాబట్టి తిప్పి వినడం కూడా సరైన పద్ధతే.

తర్వాత పాత ఆల్బమ్‌ల వైపు వెళ్లండి, కానీ 2001 నాటి మొదటి ఆల్బమ్ నుంచి కాదు. అప్పటికి వాళ్లకు తమ గొంతు ఇంకా దొరకలేదు. ‘బాక్సర్’, ‘హై వయొలెట్’ ముందు వినండి. డ్రమ్స్ మెట్టులో వాటి రుచి ఎలాగూ చూశారు. తర్వాత ‘స్లీప్ వెల్ బీస్ట్’ (2017). ఉత్తమ ఆల్టర్నేటివ్ సంగీత ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం అందుకుంది. యంత్రపు మోతలు ఇక్కడ నుంచే బలంగా మొదలయ్యాయి. బెర్నింగర్ నెమ్మదైన గొంతే తెలిసిన మీకు ఆయన అరుపు వినాలనిపిస్తే ‘అలిగేటర్’ (2005) చివరి పాట ‘మిస్టర్ నవంబర్’ పెట్టండి.

ఆఖరున కచేరీ రికార్డింగు. 2024 డిసెంబరులో ‘రోమ్’ పేరుతో వాళ్ల ప్రత్యక్ష కచేరీ ఆల్బమ్ వచ్చింది. వేదిక మీద వీళ్లు వేరే మనుషులు. బెర్నింగర్ పొడవాటి తీగ ఉన్న మైకు పట్టుకుని జనంలోకి నడిచి వెళ్లిపోతాడు. కచేరీ చివర ‘వాండర్‌లైల్ క్రైబేబీ గీక్స్’ పాటకు చాలాసార్లు మైకులు పక్కన పెట్టి, జనం పాడుతుంటే వాళ్లు వాయిస్తారు. స్టూడియో పాటలు చెవికి బాగా అలవాటయ్యాకే దీని దగ్గరకు వెళ్లండి. అదే పాటలో బ్రయన్ ఎక్కడ వేగం పెంచాడో, బెర్నింగర్ ఏ వాక్యాన్ని పాడకుండా జనానికి వదిలేశాడో అప్పుడు మీకు మీరే పట్టుకుంటారు.